ఆపరేషన్‌కి వచ్చిన పిల్లల కోసం ఆసుపత్రిలో ఆటగది ఎలా పెట్టాలి

ఐదేళ్ళ బాబు, హెర్నియా ఆపరేషన్. పొద్దున్నుంచి వాళ్ళ నాన్న "థియేటర్‌కి పోదాం నాన్నా" అంటున్నాడు, మేం కూడా "థియేటర్ నుంచి ఫోనొచ్చింది, రెడీ చెయ్యండి" అనుకుంటూ తిరుగుతున్నాం, పిల్లాడు మాత్రం హుషారుగా ట్రాలీ ఎక్కి కూర్చున్నాడు, అసలు ఏడుపే లేదు, ఎంత బుద్ధిమంతుడో అనుకున్నాం. లోపలికి తీసుకెళ్ళాక చుట్టూ చూసి "తెర ఏది?" అని అడిగాడు. సినిమాకి అనుకున్నాడు వాడు. ఆ తర్వాత మాస్క్ పెట్టడానికి నలుగురం పట్టుకోవాల్సి వచ్చింది.

ఆ కేకలు చాలా రోజులు నా చెవుల్లోనే ఉన్నాయి. అబద్ధం ఎవరం చెప్పలేదు, కానీ అసలు విషయం కూడా వాడికి ఎవరం చెప్పలేదు.

నేను పిల్లల సర్జరీ వార్డులో స్టాఫ్ నర్సుని. ఆ తర్వాత మా వార్డు చివర ఒక గది, అంతకుముందు పాత మంచాలు, విరిగిన సెలైన్ స్టాండ్లు పడేసే గది, దాన్ని ఖాళీ చేయించి ఆటగదిగా మార్చుకున్నాం. చేసేటప్పుడు చాలా తప్పులు చేశాం, దాతలు ఇచ్చిన డబ్బు కొంత అనవసరమైన వాటికి పెట్టేశాం. మీరు నర్సులైనా, డాక్టర్లైనా, ఆసుపత్రికి ప్లాన్ గీసే ఆర్కిటెక్ట్‌లైనా, పాప పుట్టినరోజుకి ఏదైనా వార్డుకి సాయం చేద్దాం అనుకునేవాళ్ళైనా, ఏది ముందు చెయ్యాలో ఏది తర్వాతో వరసగా చెప్తాను.

ముందు ఒక్క విషయం తేల్చుకోవాలి. ఆటగది అంటే పిల్లాడు భయం మర్చిపోయే చోటు అని చాలామంది అనుకుంటారు. మర్చిపోయిన భయం ఓటీ (ఆపరేషన్ థియేటర్) తలుపు దగ్గర మళ్ళీ గుర్తొస్తుంది, అదీ ఒక్కసారిగా. ఆపరేషన్ ముందు ఆట అంటే రిహార్సల్, రేపు వాడు చూడబోయే ప్రతి వస్తువునీ ఇవాళే వాడి చేతిలో పెట్టడం. అందుకే ఏ బొమ్మ కొన్నా, ఏ గోడకి రంగు వేసినా, "రేపు పిల్లాడికి ఎదురయ్యే వాటిల్లో ఇది దేనికి పనికొస్తుంది" అని అడగండి. జవాబు రాకపోతే దాన్ని చివర్లో చూసుకోవచ్చు.

మొదటి పని: పిల్లాడి ఎత్తులో నడవండి, తర్వాత ట్రాలీ మీద పడుకోండి

పెయింట్ షాపుకి వెళ్ళకముందే ఇది చెయ్యండి. ఫోన్‌లో వీడియో ఆన్ చేసి నేల నుంచి ఒక మీటరు ఎత్తులో పట్టుకుని అడ్మిషన్ కౌంటర్ నుంచి ఓటీ తలుపు దాకా మెల్లగా నడవండి, ఐదేళ్ళ పిల్లల కళ్ళు ఇంచుమించు ఆ ఎత్తులోనే ఉంటాయి. మేం తీసిన వీడియోలో ఏం కనిపించిందో తెలుసా, కౌంటర్ కింద చెక్క, పెద్దవాళ్ళ మోకాళ్ళు, ఎర్ర కవరు పసుపు కవరు వేసిన చెత్త డబ్బాలు, అంతే. మేం ఎంతో ఇష్టంగా అతికించిన బొమ్మలన్నీ ఐదున్నర అడుగుల ఎత్తులో ఉన్నాయి, అవి చూసి మురిసిపోయింది మేమే.

ఆ తర్వాత ట్రాలీ మీద మీరే వెల్లకిలా పడుకుని ఇంకొకరిని తొయ్యమనండి, మధ్యలో లేవొద్దు. ట్యూబ్‌లైట్లు ఒకదాని తర్వాత ఒకటి కళ్ళల్లో కొడుతూ పోతాయి, సీలింగ్‌కి చెమ్మ మరకలు కనిపిస్తాయి, తెలిసిన మనిషి కూడా తలకిందులుగా వంగి చూస్తే ఎవరో అనిపిస్తుంది, ఓటీ తలుపుని ట్రాలీతో గుద్ది తెరిచినప్పుడు ఆ చప్పుడుకి నాకే గుండె ఝల్లుమంది. ఆపరేషన్‌కి వెళ్ళే పిల్లాడు గోడల్ని చూడడు, సీలింగ్ చూస్తాడు. కాబట్టి మీ దగ్గర డబ్బు తక్కువుంటే మొదటి బొమ్మలు సీలింగ్‌కే వెయ్యించండి, ట్రాలీ వెళ్ళే దారి పొడుగునా, గాలిపటాల దారమో, చేపల వరసో, మొదలు ఒక చోట చివర ఇంకో చోట ఉండేలా, "తోక ఎక్కడ అయిపోతుందో నువ్వే వెతికి చెప్పు" అని పిల్లాడిని అడగొచ్చు. ట్యూబ్‌లైట్ల మీద పాలరంగు షీట్ వేయిస్తే ఆ మిరుమిట్లు తగ్గుతాయి.

ఇలా పిల్లల ఎత్తుకి వంగి చూడటం వల్ల ఏం మారుతుందో చెప్పడానికి అందరూ ఒక ఉదాహరణ చెప్తారు, నిజంగా చెప్పుకోదగిందే. జీఈ కంపెనీలో ఎంఆర్‌ఐ మెషీన్లు డిజైన్ చేసే డగ్ డైట్జ్ తను చేసిన మెషీన్ చూసుకుందామని ఒక ఆసుపత్రికి వెళ్తే, అక్కడ స్కాన్‌కి వచ్చిన చిన్న పాప దాన్ని చూసి ఏడుస్తోంది. ఆ తర్వాత అమెరికాలో పిట్స్‌బర్గ్ పిల్లల ఆసుపత్రితో కలిసి స్కాన్ గదుల్ని సముద్రపు దొంగల ఓడలాగా, అంతరిక్ష నౌకలాగా మార్చారు. మెషీన్ అదే, స్కాన్ చేసే పద్ధతీ అదే. గోడలు, నేల, పక్కన నిలబడే స్టాఫ్ చెప్పే మాటలు మారాయి. నాకు అందులో నచ్చింది రంగులు కాదు, ఆ మెషీన్ చేసే పెద్ద చప్పుడుని దాచిపెట్టకుండా కథలోకి తెచ్చారు, నౌక స్పీడు అందుకునేటప్పుడు ఆ చప్పుడు వస్తుంది జాగ్రత్తగా విను అని ముందే చెప్పేవాళ్ళు. మీ ఆసుపత్రిలో మానిటర్ బీప్ ఉంది, తలుపు చప్పుడు ఉంది, స్పిరిట్ వాసన ఉంది, వాటికి కూడా ఇలాగే ముందుగా పరిచయం కావాలి.

చోటు ఎక్కడ

ఓటీ కాంప్లెక్స్‌ని నాలుగు జోన్లుగా చూస్తారు కదా, ప్రొటెక్టివ్ (బయటివాళ్ళు రాగలిగే చోటు), క్లీన్ (ఓటీ బట్టలు మార్చుకున్నాక తిరిగే చోటు), స్టెరైల్ (ఆపరేషన్ జరిగే చోటు), డిస్పోజల్ (వాడేసినవి బయటికి పంపే చోటు) అని. ఆటగది బయటి ప్రొటెక్టివ్ జోన్‌లోగానీ వార్డులోగానీ ఉండాలి, లోపలికి పోకూడదు. ప్లాన్ ఖరారు చెయ్యకముందే ఇన్ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్‌ని పిలిచి చూపించండి, అన్నీ కొన్నాక పిలిస్తే సగం వెనక్కి పంపుతారు, మాకు అదే అయ్యింది.

గది పెద్దది అక్కర్లేదు, పది బై పన్నెండు అడుగులున్నా చాలు. కానీ నర్సింగ్ స్టేషన్ నుంచి కనిపించాలి, లోపలో పక్కనో చేతులు కడుక్కునే సింక్ ఉండాలి, ఒక్క పక్కన పెద్దవాళ్ళు కూర్చునే బెంచీ ఉండాలి. ఆపరేషన్ అయి బయటికొచ్చే పిల్లలు ఏడుస్తూ వాంతులు చేసుకుంటూ వచ్చే దారి ఈ గదికి ఎదురుగా ఉండకూడదు, ఇంకో గంటలో వెళ్ళబోయే పిల్లాడు అది చూస్తే మీరు రెండు రోజులు చెప్పిందంతా గంగలో కలిసినట్టే. క్యాంటీన్ వాసన వచ్చే చోటు కూడా వద్దు, పిల్లలు ఖాళీ కడుపుతో ఉంటారు. ఇదే కారణానికి వంట సామాన్ల బొమ్మలు, ప్లాస్టిక్ దోసెలు, ఐస్‌క్రీమ్‌లు పెట్టొద్దు. మేం పెట్టాం. ఒక పాప ప్లాస్టిక్ అరటిపండు చేత్తో పట్టుకుని "అమ్మా ఆకలి" అని ఏడుస్తుంటే మా ఆయమ్మ ఆ సెట్టు మొత్తం తీసుకెళ్ళి డిశ్చార్జ్ అయ్యే పిల్లల వైపు పెట్టేసింది, మంచి పని చేసింది.

కిటికీ ఉన్న గది దొరికితే అదే తీసుకోండి. రోజర్ ఉల్రిచ్ 1984లో రాసిన పరిశోధన ఒకటుంది, అమెరికాలో పెన్సిల్వేనియాలో పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్ళు 46 మంది, సగం మందికి కిటికీలోంచి చెట్లు కనిపించేవి, సగం మందికి ఇటుక గోడ. చెట్లు కనిపించినవాళ్ళకి నొప్పి మందులు తక్కువ పట్టాయి, ఇంటికీ కాస్త ముందే వెళ్ళారు. వాళ్ళంతా పెద్దవాళ్ళు అనుకోండి, అయినా వేపచెట్టు మీద ఉడతని చూడటానికి మా దగ్గర పిల్లలు ఎలా ఎగబడతారో చూశాను కాబట్టి నేను దీన్ని నమ్ముతాను.

నేల, గోడలు

ఇక్కడ పెద్దగా చెప్పేదేం లేదు. కార్పెట్ వద్దు, అతుకుల్లేని వినైల్ షీట్ వేసి గోడ మొదట్లో పైకి మలుపు తిప్పించండి, మూలల్లో మురికి చేరదు. గోడలకి కడగ్గలిగే పెయింట్. స్విచ్‌లు, ప్లగ్‌లు పిల్లలకి అందనంత పైన. బల్లల మూలలు గుండ్రంగా.

బొమ్మల విషయంలో మాత్రం ఒక హెచ్చరిక, జోకర్లని వెయ్యించొద్దు. ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ యూనివర్సిటీ వాళ్ళు 2008లో ఆసుపత్రి డెకరేషన్ గురించి 250 మందికి పైగా పిల్లల్ని, నాలుగేళ్ళ నుంచి పదహారేళ్ళ దాకా, అడిగితే జోకర్ బొమ్మలు వాళ్ళకి నచ్చలేదు, పెద్ద పిల్లలకి కూడా అవి భయంగానే అనిపించాయి. మన పిల్లల్ని కూడా అడిగే వెయ్యండి. మేం అడిగితే ఎక్కువమంది చెప్పింది రైలు, ఆవుదూడ, జేసీబీ. పెద్ద పువ్వులు ఎవరూ అడగలేదు, పువ్వులు వేద్దామన్నది మా కమిటీ.

నేల మీద తొక్కుడుబిళ్ళ గళ్ళు గీయించండి, వార్డు నుంచి ఓటీ గుమ్మం దాకా. నడవగలిగే పిల్లలు ట్రాలీ ఎక్కకుండా గెంతుకుంటూ వెళ్తారు, తన కాళ్ళతో తను వెళ్ళిన పిల్లాడికీ, పడుకోబెట్టి తోసుకెళ్ళిన పిల్లాడికీ చాలా తేడా ఉంటుంది. కొన్ని దేశాల్లో పిల్లలు బ్యాటరీ కారు తోలుకుంటూ ఓటీకి వెళ్తారు, ఇప్పుడు మన దగ్గర కూడా కొన్ని పిల్లల ఆసుపత్రుల్లో ఉన్నాయి, ఉంటే సంతోషం, లేకపోతే తొక్కుడుబిళ్ళ ఉంది. వైకుంఠపాళీ గీద్దామని ఒకాయన అన్నారు, నేనే వద్దన్నాను, పాము మింగిన గడిలో కాలుపెట్టి ఓటీలోకి వెళ్ళటం ఏ పిల్లాడికీ బాగోదు.

అసలైన పని: డాక్టర్ ఆట పెట్టె

మొత్తం గదిలో ఈ ఒక్క పెట్టె ఉంటే చాలు, మిగతావన్నీ లేకపోయినా నడుస్తుంది. షాపులో అమ్మే గులాబీరంగు డాక్టర్ సెట్టు కాదు, నిజం వస్తువులు పెట్టండి, పిల్లాడు రేపు చూసేది నిజం వస్తువుల్నే కాబట్టి.

అనస్థీషియా మాస్క్, పిల్లల సైజుది. పల్స్ ఆక్సిమీటర్, దాని ఎర్ర లైటు. ఈసీజీ స్టిక్కర్లు. చిన్న బీపీ పట్టీ. సూది లేని సిరంజిలు. సెలైన్ గొట్టం ముక్క. గ్లవ్స్, టోపీలు, నోటి మాస్క్‌లు, పిల్లల సైజుకి కుట్టించిన ఆకుపచ్చ గౌను. ఇవన్నీ కొత్తవే వాడండి, వాడేసినవి కడిగి పెడదాం అనే ఆలోచన వద్దే వద్దు.

కాన్యులా, అంటే సెలైన్ ఎక్కించడానికి చేతికి పెట్టే సన్న గొట్టం, దాని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. పిల్లలందరికీ, చాలామంది పెద్దవాళ్ళకి కూడా, చేతికి ప్లాస్టర్ వేసి ఉన్నంతసేపూ లోపల సూది ఉంటుందనే నమ్మకం. అందుకే చెయ్యి కదపరు, ఎవరైనా దగ్గరికొస్తే కెవ్వుమంటారు. కొత్త కాన్యులా తీసుకుని పిల్లలు లేనప్పుడు సూది లాగేసి, ఆ సూదిని షార్ప్స్ (గుచ్చుకునే, కోసుకునే వస్తువులు) వేసే తెల్ల డబ్బాలో పడేసి, మిగిలిన మెత్తటి గొట్టాన్ని ఆట పెట్టెలో ఉంచండి. పిల్లాడు దాన్ని వేళ్ళతో వంచి చూడాలి. "సూది చీమ కుట్టినట్టు చురుక్కుమని లోపలికెళ్ళి వెంటనే బయటికొచ్చేస్తుంది, ఇదిగో ఈ గొట్టం ఒక్కటే నీ చేతిలో ఉంటుంది, ఇందులోంచి నీళ్ళు పోతాయి" అని చూపిస్తే ఏడేళ్ళ పిల్లలు వెళ్ళి పక్క మంచం పిల్లాడికి కూడా చెప్తారు. గుచ్చే చోట ముందే తిమ్మిరి క్రీమ్ రాస్తే నొప్పి తగ్గుతుంది, కానీ అది పనిచెయ్యడానికి గంట దాకా పడుతుంది, కాబట్టి క్రీమ్ రాసి ప్లాస్టర్ వేసే పని ఆటగదిలోనే ఆడుతూ ఉండగా అయిపోవాలి, బొమ్మకి కూడా అక్కడే రాయించండి.

బొమ్మ కావాలి, గుడ్డతో కుట్టిన సాదా బొమ్మ, ముఖం గీయకుండా ఖాళీగా. పిల్లాడే కళ్ళూ నోరూ గీసుకుంటాడు, పేరు పెడతాడు, దానికి ఏ ఆపరేషనో వాడే చెప్తాడు. ఒక్కో పిల్లాడికి ఒక్కో బొమ్మ, వాడితోనే ఇంటికి వెళ్ళిపోతుంది, ఇన్ఫెక్షన్ గోల కూడా ఉండదు. టైలర్ దగ్గర మిగిలిన తెల్ల కాటన్ ముక్కలతో మా ఊరి మహిళా సంఘం వాళ్ళు కుట్టి ఇస్తున్నారు. ఆ బొమ్మకి పిల్లాడు ఏం చేస్తున్నాడో గమనిస్తూ ఉండండి, ఒకసారి ఒక బాబు బొమ్మ పొట్టకి బదులు దాని మెడకి కట్టు కడుతున్నాడు, ఎందుకురా అంటే "గొంతు కోస్తారంటగా" అన్నాడు, వాడికి టాన్సిల్స్. వాళ్ళన్నయ్య చెప్పాడట. నోట్లోంచే తీస్తారు, బయట ఎక్కడా కొయ్యరు అని అద్దంలో వాడి నోరు వాడికే చూపించి చెప్పాం. ఆ బొమ్మ లేకపోతే ఆ భయం బయటికి వచ్చేదే కాదు.

మాస్క్‌తో ఎక్కువసేపు ఆడించండి, చివరికి గొడవ జరిగేది దాని దగ్గరే. ముందు బొమ్మకి, తర్వాత అమ్మకి, తర్వాత మీకు, చివరికి తనకి తనే పెట్టుకోవాలి, బలవంతంగా పెట్టొద్దు, ఆటలో ఒక్కసారి బలవంతం చేస్తే ఇంక ఆ పిల్లాడు మీ దగ్గరికి రాడు. సబ్బు బుడగలు ఊదించండి, మెల్లగా పొడుగ్గా ఊదితేనే పెద్ద బుడగ వస్తుంది, రేపు మాస్క్‌లో కూడా అలాగే ఊదమంటే వాడికి తెలిసిన పనే. కొంతమంది అనస్థీషియా డాక్టర్లు మాస్క్ లోపల వెనీలా, స్ట్రాబెరీ వాసన కొద్దిగా రాయనిస్తారు, మీ డాక్టర్‌ని అడిగి ఒప్పుకుంటే ఏ వాసన కావాలో పిల్లాడినే ఎంచుకోనివ్వండి.

ఇంకోటి, ఫోటోలు. ఓటీలో అందరూ టోపీ, మాస్క్ వేసుకుంటారు, కళ్ళు తప్ప ఏం కనపడవు, చిన్నపిల్లలకి అది దొంగల గుంపు లాగా ఉంటుంది. మీ ఓటీ టీమ్ ప్రతి ఒక్కరిదీ రెండు ఫోటోలు తీయండి, ఒకటి మామూలుగా నవ్వుతూ, ఇంకోటి టోపీ మాస్క్‌తో, లామినేట్ చేయించి జతలు కలిపే ఆట ఆడించండి. మా వార్డులో అన్నిటికంటే తక్కువ ఖర్చుతో అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఇదే.

నొప్పి ముఖాల చార్టు కూడా ఈ పెట్టెలోనే ఉండాలి, నవ్వే ముఖం నుంచి ఏడ్చే ముఖం దాకా ఆరు బొమ్మలుంటాయి, అమెరికాలో తుల్సా ఊళ్ళో డోనా వాంగ్, కోనీ బేకర్ అనే ఇద్దరు 1980ల్లో పిల్లలతో కలిసి తయారుచేశారు. ఆపరేషన్ అయ్యాక నొప్పిలో ఉన్నప్పుడు కొత్తగా చూపిస్తే పిల్లాడికి అర్థం కాదు, ముందురోజే "దోమ కుడితే ఏ ముఖం, సైకిల్ మీంచి పడితే ఏ ముఖం" అని ఆడించి ఉంచాలి.

మాటలు సరిచేసుకోండి

గది ఎంత బాగున్నా అందులో మాట్లాడే మాటలు తప్పయితే లాభం లేదు. మా గోడ మీద స్టాఫ్ కోసం ఒక కాగితం అంటించుకున్నాం, పిల్లల ముందు అనకూడని మాటలు.

థియేటర్ అనొద్దు, ఎందుకో చెప్పాను కదా, "ఆపరేషన్ గది" అనండి. గ్యాస్ ఇస్తాం అనొద్దు, మన ఇళ్ళల్లో గ్యాస్ అంటే వంటింట్లో సిలిండర్, దాని దగ్గరికి వెళ్ళొద్దని వాళ్ళమ్మ రోజూ అరుస్తుంది, "నిద్ర తెప్పించే గాలి" అంటే సరిపోతుంది. మత్తు అన్న మాట పిల్లలు విన్నది తాగినవాళ్ళ గురించే, అది కూడా వద్దు. కొయ్యటం, కత్తి, అసలే వద్దు, "డాక్టర్ గారు చిన్న దారి చేసి లోపల బాగుచేసి మళ్ళీ మూసేస్తారు" అనొచ్చు. కుట్లు అంటే మిషన్ మీద బట్ట కుట్టడం కళ్ళ ముందుకొస్తుంది, "నువ్వు నిద్రలో ఉన్నప్పుడే దారంతో మూసేస్తారు, నీకు తెలియదు" అని పూర్తిగా చెప్పండి. ఒక్క నిద్ర అన్న మాట దగ్గర కూడా జాగ్రత్త, ఎనిమిదేళ్ళ పాప నన్ను "రాత్రి నిద్రలో నేను పాస్‌కి లేస్తాను కదా, అప్పుడు మధ్యలో మెలకువ వస్తే?" అని అడిగింది. ఇంట్లో నిద్ర వేరు, ఇది వేరు, అయిపోయేదాకా లేవకుండా ఒక డాక్టర్ నీ తల దగ్గరే కూర్చుని చూస్తూ ఉంటారు, అయిపోగానే లేపుతారు, అని రెండూ చెప్పాలి, లేవరు అనీ లేపుతారు అనీ.

"ఏం కాదు ఏం కాదు ఏం కాదు" అని వంద సార్లు అనటం కూడా పని చెయ్యదు. అమెరికాలో జీవ్ కెయిన్ అనే అనస్థీషియా డాక్టర్ పిల్లల భయం మీద ఏళ్ళ తరబడి పని చేశారు, 2007లో ఆయన టీమ్ పరీక్షించి చూపించిన పద్ధతిలో తల్లిదండ్రులకి నేర్పే వాటిల్లో ఇదీ ఒకటి, అతిగా ఓదార్చొద్దు, దృష్టి మళ్ళించండి, ఏం చెయ్యాలో చెప్పండి అని. మా అనుభవమూ అదే, అమ్మ గొంతు వణుకుతూ ఏం కాదు అంటుంటే పిల్లాడు వినేది వణుకునే. "అల్లరి చేస్తే సిస్టర్ సూది వేస్తుంది" అని ఇంట్లో బెదిరించినవాళ్ళకి ఇప్పుడు ఆ సూదే ఎదురొచ్చింది, పెద్దవాళ్ళకి దీని గురించి నెమ్మదిగా, నిందించకుండా చెప్పండి. అమ్మ బాత్రూమ్‌కి వెళ్ళింది ఇప్పుడే వస్తుంది అని చెప్పి మాయం అవ్వటం మాత్రం ఎవరినీ చెయ్యనివ్వొద్దు. దేవుడి బొట్టు, విభూతి వార్డులోనే పెట్టేయమనండి, ఓటీ గుమ్మం దగ్గర ఏడుస్తూ పెడితే పిల్లాడికి ఇదేదో పెద్ద ప్రమాదం అని అర్థమైపోతుంది.

ఎవరు ఆడించాలి, ఎప్పుడు

విదేశాల్లో దీనికి చైల్డ్ లైఫ్ స్పెషలిస్ట్ అని ప్రత్యేకంగా ఉద్యోగమే ఉంది, 1955లో క్లీవ్‌లాండ్ సిటీ ఆసుపత్రిలో ఎమ్మా ప్లాంక్ మొదలుపెట్టిన పని అలా పెరిగింది. మన దగ్గర చాలా ఆసుపత్రుల్లో అలాంటి పోస్టు లేదు, కాబట్టి ఉన్నవాళ్ళలోంచే ఒకరిని ఎంచుకోవాలి, హోదా చూడొద్దు, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోగలిగే మనిషి కావాలి. మా దగ్గర ఆ మనిషి ఆయమ్మ, పిల్లలు ఆవిడ్ని అమ్మమ్మా అంటారు, మాస్క్ ఆట ఆవిడ ఆడించినట్టు నేను ఆడించలేను. ఒక్కో పిల్లాడికి పదిహేను ఇరవై నిమిషాలు చాలు, కానీ ఆ ఇరవై నిమిషాలూ ఆ మనిషిని వేరే పనికి పిలవకూడదు, ఇది డ్యూటీ లిస్టులో రాయించండి, లేకపోతే వారం రోజుల్లో గదికి తాళం పడుతుంది.

వయసుని బట్టి రోజు మారుతుంది. ఆరేళ్ళు దాటినవాళ్ళకి ఐదారు రోజుల ముందే చూపించి చెప్తే మేలు, ఆలోచించుకోవడానికి టైము దొరుకుతుంది, ఒక్క రోజు ముందు చెప్తే భయం ఎక్కువవుతుంది, కాబట్టి ఆపరేషన్ డేట్ ఇచ్చే ఓపీ రోజే వాళ్ళని ఆటగదికి పంపండి. మూడు నాలుగేళ్ళ వాళ్ళకి ముందురోజు చాలు. రెండేళ్ళలోపు వాళ్ళకి వివరించేదేం ఉండదు, వాళ్ళకున్న భయమల్లా అమ్మ కనపడకపోవటం, వాళ్ళ విషయంలో గది కంటే అమ్మని ఎంత దూరం దాకా రానిస్తారు అన్నదే ముఖ్యం. నిద్రపట్టే దాకా ఒకరిని లోపలికి రానిచ్చే ఆసుపత్రి అయితే, ఇంట్లో ఎవరు నిబ్బరంగా ఉంటారో వాళ్ళని పంపండి, అమ్మే వెళ్ళాలని లేదు, తాతయ్య అయినా పర్వాలేదు.

ఆపరేషన్ రోజు పొద్దున్న ఆకలి సంగతి. సాధారణంగా పాటించే లెక్క అన్నం, టిఫిన్, డబ్బా పాలు ఆరు గంటల ముందు ఆపాలి, తల్లిపాలు నాలుగు గంటలు, మంచినీళ్ళ లాంటివి రెండు గంటలు, కొన్ని దేశాల్లో ఇప్పుడు నీళ్ళు గంట ముందు దాకా కూడా ఇస్తున్నారు. మీ అనస్థీషియా డాక్టర్ చెప్పిందే ఫైనల్. కానీ రాత్రి పది నుంచి పచ్చి గంగ కూడా పొయ్యకుండా మధ్యాహ్నం ఒంటిగంటకి కేసు తీసుకుంటే ఏ ఆటగదీ ఆ పిల్లాడిని ఊరుకోబెట్టలేదు. లిస్టులో చిన్నపిల్లల్ని ముందు పెట్టమని అడగండి, నీళ్ళు ఎన్నింటి దాకా తాగొచ్చో ఆటగదిలో బొమ్మ గడియారం మీద ముల్లు తిప్పి చూపించండి.

కొంతమందికి వేరేగా

కంటి ఆపరేషన్ పిల్లలు లేచేసరికి కంటికి కట్టు ఉంటుంది, ముందు చెప్పకపోతే కళ్ళు పోయాయి అనుకుంటారు. వాళ్ళతో కళ్ళగంతలాట ఆడించండి, ముందురోజే కట్టు కట్టుకుని అమ్మ గొంతు పోల్చుకోవటం, మంచం తడిమి నీళ్ళ సీసా వెతుక్కోవటం, అన్నీ ఆటలాగే. కాక్లియర్ ఇంప్లాంట్‌కి (వినపడటానికి చెవి లోపల పెట్టే పరికరం) వచ్చే పిల్లలకి వినపడదు, స్టాఫ్ మాస్క్ వేసుకుంటే పెదాలు కూడా కనపడవు, వాళ్ళకి బొమ్మల కార్డులు వరసగా పేర్చి చూపించాలి, ఇది తర్వాత ఇది అని. ఆపరేషన్ అవగానే వినపడదు, కొన్ని వారాల తర్వాత మిషన్ ఆన్ చేస్తారు అనేది కూడా ఒక కార్డులో ఉండాలి, లేదంటే కట్టు విప్పిన రోజు ఇంటిల్లిపాదీ నిరాశపడతారు. ఆటిజం ఉన్న పిల్లలకి చప్పుడు లేని మూల, లైటు తగ్గించే స్విచ్, తెలిసిన దుప్పటి.

పన్నెండు పదమూడేళ్ళ వాళ్ళని మర్చిపోతాం మనం. వాళ్ళని జేసీబీ బొమ్మల మధ్య కూర్చోబెడితే సిగ్గుతో చచ్చిపోతారు. వాళ్ళకి ఒక కర్టెన్, ఒక కుర్చీ, ఛార్జింగ్ పాయింట్, శరీరం బొమ్మల పుస్తకం, అష్టాచెమ్మా బల్ల. వాళ్ళకి అసలు కావలసింది అమ్మానాన్న లేకుండా ఐదు నిమిషాలు అడగటానికి ఒక మనిషి, "లోపల బట్టలు అన్నీ తీసేస్తారా" అన్న ప్రశ్న అప్పుడే బయటికొస్తుంది.

కడగటం

బొమ్మ కొనేముందు "దీన్ని రోజూ కడగొచ్చా" అని చూడండి. బొచ్చు బొమ్మలు అందరికీ ఒకటే పెట్టొద్దు. బంతుల కొలను, ఇసుక తొట్టి, నీళ్ళు లోపలికి పీల్చుకునే రబ్బరు బొమ్మలు వద్దు, క్రిములకి అవి ఇళ్ళు. ఐఎస్ఐ గుర్తు చూడండి, 2021 జనవరి నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకి అది తప్పనిసరి. మూడేళ్ళలోపు వాళ్ళుండే చోట నోట్లో పట్టేంత చిన్న ముక్కలు, బటన్ సెల్ బ్యాటరీ మూత స్క్రూ లేకుండా ఉన్నవి, చింతపిక్కలు, గవ్వలు ఉండకూడదు, అష్టాచెమ్మాకి పెద్ద ప్లాస్టిక్ గవ్వలు కొనండి.

మన బొమ్మలు పెట్టాలని నాకూ ఉంటుంది. ఏటికొప్పాక లక్క బొమ్మలు నునుపుగా ఉంటాయి, పిల్లలకి బాగా నచ్చుతాయి, కానీ లక్క స్పిరిట్‌లో కరుగుతుంది, మేం తెలియక ఆసుపత్రి అలవాటు కొద్దీ స్పిరిట్ దూదితో తుడిస్తే రంగు చేతికంటుకుని బొమ్మ జిగటగా అయిపోయింది. వాటిని సబ్బు నీళ్ళల్లో ముంచి పిండిన గుడ్డతో తుడిచి వెంటనే ఆరబెట్టాలి. కొండపల్లి బొమ్మలు తెల్ల పొణికి చెక్కవి, తడి తగలకూడదు, అద్దాల బీరువాలో పెట్టి కథలు చెప్పడానికి వాడుకోండి. రెండు డబ్బాలు పెట్టండి, ఒకటి "ఆడినవి" ఒకటి "కడిగినవి", ప్లాస్టిక్ బొమ్మల్ని సబ్బుతో కడిగి, మీ ఇన్ఫెక్షన్ కంట్రోల్ వాళ్ళు చెప్పిన పాళ్ళలో కలిపిన బ్లీచ్ నీళ్ళల్లో ఉంచి, మళ్ళీ మంచినీళ్ళతో బాగా కడగాలి, నోట్లో పెట్టుకుంటారు కాబట్టి ఆ చివరిది మానొద్దు. దగ్గు జలుబు జ్వరం ఉన్న పిల్లాడికి బొమ్మలు మంచం దగ్గరికే ఇచ్చి, తిరిగొచ్చాక విడిగా కడగండి.

చివరి పని: తిరిగొచ్చిన పిల్లల్ని అడగండి

కుట్లు చూపించుకోవడానికి మళ్ళీ వచ్చినప్పుడు ప్రతి పిల్లాడినీ ఒకే ప్రశ్న అడుగుతాం, "మేం నీకు చెప్పనిది అక్కడ ఏముంది?" అని. పెద్దవాళ్ళ కమిటీలో ఎప్పటికీ రాని జవాబులొస్తాయి. మంచం చాలా సన్నగా ఉంది అన్నారు, ఆటగదిలో అదే వెడల్పు బెంచీ చేయించి బొమ్మని దాని మీద పడుకోబెట్టి ఆడిస్తున్నాం. లేచేసరికి నా బనియన్ లేదు అన్నాడొకడు, ఇప్పుడు బొమ్మకి కూడా గౌను మార్పించి దాని బట్టలు సంచిలో పెట్టి పేరు రాయిస్తున్నాం. ఆరేళ్ళ పాప ఒకతి చాలాసేపు ఆలోచించి "చలి" అంది. ఏసీ అంత చల్లగా ఉంటుందని మాలో ఒక్కరికి కూడా చెప్పాలనిపించలేదు, మాకు అలవాటైపోయింది కాబట్టి. తర్వాతి వారం నుంచి ఆట పెట్టెలో ఒక చిన్న దుప్పటి చేరింది, ముందు బొమ్మకి కప్పి, ఆ తర్వాత అదే దుప్పటి పిల్లాడితో పాటు లోపలికి వెళ్తోంది.